స్నానం, డైపర్, వంట టైమ్: నెలలు నిండకుండా పుట్టిన ఒక పాప కేస్ స్టడీ

పాప నా దగ్గరకు వచ్చినప్పుడు వయసు 20 నెలలు. 31 వారాలకే పుట్టింది, అంటే సుమారు 2 నెలలు ముందు, కాబట్టి మనం లెక్కలోకి తీసుకోవాల్సిన కరెక్టెడ్ ఏజ్ 18 నెలలు. 2 ఏళ్లు నిండేదాకా ఇలా సవరించే చూస్తాం. నడక లేదు, మాటలు లేవు. వారానికి ఒక థెరపీ సెషన్‌కి తీసుకెళ్తున్నారు, అక్కడ చేయించినవన్నీ ఇంటికొచ్చి మళ్లీ చేయించమని ఒక పొడవాటి లిస్ట్ ఇచ్చారు, ఆ లిస్ట్ ఏ రోజూ పూర్తి కాదు, పూర్తి కాలేదన్న దిగులుతో అమ్మకు రాత్రి నిద్ర పట్టదు. ఆమె నన్ను అడిగిన మొదటి ప్రశ్న: "ఇంకా ఎక్కువ సెషన్లు పెట్టించాలా అండీ?"

ఆ ప్రశ్న చాలామంది తల్లిదండ్రులకు ఉంటుంది, అందుకే ఈ కేసు వివరంగా రాస్తున్నాను. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను, ఎవరో గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను. ఎర్లీ ఇంటర్వెన్షన్‌లో, అంటే ఎదుగుదల ఆలస్యమైన చిన్నపిల్లలకు, వాళ్ల కుటుంబాలకు తొలి ఏళ్లలోనే సాయం అందించే రంగంలో, పనిచేస్తూ నేను గట్టిగా నమ్ముతున్నది ఇది: 3 ఏళ్లలోపు పిల్లలకు సాధన జరగాల్సింది వాళ్ల రోజులో ఎలాగూ ఉండే పనుల్లో, ఎలాగూ పక్కన ఉండే మనుషుల చేతుల మీదుగా. మా పని ఆ మనుషులకు ఒక చిన్న మార్పు అందించడం. అది ఎంత చిన్నది అంటే, ఇంట్లో అందరూ అలసిపోయి ఉన్న రోజున కూడా జరిగిపోయేంత.

ఒక్కసారి లెక్క వేయండి. వారానికి 168 గంటలు. 1 నుంచి 2 ఏళ్ల పిల్లలకు పగటి నిద్రతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, అంటే మెలకువగా ఉండేది వారానికి 70 నుంచి 90 గంటలు. అందులో సెషన్ ఒక గంట. దాన్ని రెండు గంటలు చేసినా మిగతా సమయం ముందు అది చాలా తక్కువ. ఇంకోవైపు, డైపర్ రోజుకు 5 సార్లు మారుస్తారనుకోండి, ప్రతిసారీ పాపని మంచం అంచు పట్టుకుని నిలబడనిచ్చి మారిస్తే వారానికి 35 సార్లు నిలబడే సాధన అయిపోతుంది, దానికోసం ఎవరూ వేరే టైమ్ తీయకుండానే. నడక ఎంత సాధన అడుగుతుందో చెప్పే అధ్యయనం ఒకటి నాకు ఎప్పుడూ గుర్తుంటుంది. 2012లో మనస్తత్వ శాస్త్రవేత్త కారెన్ అడోల్ఫ్ బృందం 12 నుంచి 19 నెలల పిల్లల్ని మామూలుగా ఆడుకుంటుండగా గమనించింది. గంటకు సగటున 2,368 అడుగులు వేశారు, 17 సార్లు పడ్డారు. వారానికోసారి మ్యాట్ మీద ఎంత మంచి థెరపిస్ట్ చేయించినా అంత సాధన రాదు.

మొదట చూసింది

పాప కూర్చోవడం బాగానే ఉంది, కాకపోతే ఎప్పుడూ రెండు కాళ్లూ వెనక్కి మడిచి డబ్ల్యూ ఆకారంలో కూర్చుంటుంది. పాకుతుంది. సోఫా పట్టుకుని లేస్తుంది, పక్కకు ఒకటి రెండు అడుగులు వేసి చతికిలబడుతుంది. కండరాల బిగువు కొంచెం తక్కువ, రెండు వైపులా సమానంగానే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన కొలతల ప్రకారం ఆసరా లేకుండా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య వస్తుంది. వయసు సవరించి చూసినా ఈ పాప ఆ గీత దాటింది, కొద్దిగానే అయినా దాటింది.

మాట విషయానికొస్తే, కళ్లలోకి చూస్తుంది, నవ్వుతుంది, పేరు పిలిస్తే తిరుగుతుంది, బాబాబా అని శబ్దాలు చేస్తుంది. కానీ వేలు పెట్టి చూపదు. ఏదైనా కావాలంటే అటు చూసి ఏడుస్తుంది, అంతే. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2022లో సవరించిన మైల్‌స్టోన్స్ (ఏ వయసుకు ఏం రావాలో చెప్పే) లిస్ట్‌లో, అడగడానికి వేలు చూపడం 15 నెలల దగ్గర ఉంది. ఆ లిస్ట్‌లో 18 నెలల పేజీ చూస్తే నాకు చాలా నచ్చే విషయం ఒకటి కనిపిస్తుంది: కడిగించుకోవడానికి చేతులు చాపడం, బట్టలు వేస్తుంటే చొక్కా చేతిలోకి చెయ్యి తోయడం, పాదం ఎత్తడం. ఇవన్నీ ఇంట్లో రోజూ జరిగే పనులు. పిల్లల ఎదుగుదలని కొలిచేదే ఈ పనుల్లో అయినప్పుడు నేర్పడం వేరే చోట ఎందుకు?

ఇంటి పనిలోకి దిగేముందు వైద్యపరంగా చూడాల్సినవి చూడాలి, ఇందులో నేను రాజీపడను. మాటలు రాని ఏ బిడ్డకైనా మొదట వినికిడి పరీక్ష. పుట్టినప్పుడు చేసిన స్క్రీనింగ్ పాస్ అయిందని వాళ్ల ఫైల్‌లో ఉంది, అయినా ఎన్‌ఐసీయూలో (నవజాత శిశువుల ఐసీయూలో) ఉండి వచ్చిన పిల్లల్లో వినికిడి లోపం తర్వాత కూడా బయటపడవచ్చు, కాబట్టి మళ్లీ చేయించాం. నార్మల్. థైరాయిడ్ నార్మల్, తుంటి ఎక్స్‌రే నార్మల్, కళ్ల డాక్టర్ ఫాలో-అప్ అప్పటికే నడుస్తోంది. ఆటిజం స్క్రీనింగ్‌లో స్కోరు తక్కువ రిస్క్ అని వచ్చింది. సెరిబ్రల్ పాల్సీ (మెదడుకు జరిగిన హాని వల్ల కదలికల్లో వచ్చే ఇబ్బంది) లక్షణాలు ఇప్పటికి లేవు, మళ్లీ చూద్దాం అన్నారు న్యూరాలజిస్ట్.

ఇంటివాళ్లతో కూర్చుని మాట్లాడటం

ఈ కేసులో అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. మా రంగంలోని నిపుణుడు రాబిన్ మెక్‌విలియం తయారు చేసిన రొటీన్స్ బేస్డ్ ఇంటర్వ్యూ (ఇంట్లో రోజువారీ పనుల, అంటే రొటీన్స్ గురించి అడిగే ఇంటర్వ్యూ) అనే పద్ధతి ఉంది, సుమారు రెండు గంటలు పడుతుంది. ఉదయం లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా ఒక్కో పని గురించి అడుగుతాం: ఆ టైమ్‌లో ఎవరెవరు ఏం చేస్తుంటారు, పాప ఏం చేస్తుంది, ఆ పనిలో ఎంతసేపు మనసు పెడుతుంది, తనంతట తాను ఎంత చేస్తుంది, మనుషులతో ఎలా ఉంటుంది. చివర్లో ఆ రొటీన్‌కి 1 నుంచి 5 వరకు మార్కులు వేయమంటాం. పాప ఎలా చేస్తోందన్నదానికి కాదు మార్కులు, ఆ సమయం ఇంటివాళ్లకు ఎలా గడుస్తోందన్నదానికి. నానమ్మ కూడా ఉండాలని నేను పట్టుబట్టాను, ఎందుకంటే పగలంతా పాప ఆవిడ దగ్గరే.

స్నానానికి నానమ్మ 5 వేశారు, ఆలోచించకుండానే. అన్న స్కూల్ నుంచి వచ్చే టైమ్‌కి కూడా 5. బట్టలు వేయడానికి 2. తినిపించడానికి 2. సాయంత్రం వంట టైమ్‌కి 1. ఆ గంటలో పాప అమ్మ కాళ్లు పట్టుకుని ఏడుస్తూనే ఉంటుంది, దాన్ని ఊరుకోబెట్టడానికి బేబీ వాకర్‌లో కూర్చోబెడతారు, కాసేపటికి అందులోనూ ఏడుస్తుంది.

తినిపించడం గురించి మాట్లాడుతున్నప్పుడు నానమ్మ అన్నారు: "అది అడిగేదాకా ఎందుకమ్మా, మొహం చూస్తే నాకు తెలిసిపోతుంది, దాహమో ఆకలో." ఎంతో గర్వంగా చెప్పారు. ఆ గర్వం న్యాయమైనదే. నెలలు నిండని బిడ్డని, చిన్న ఏడుపు కూడా సరిగా రాని రోజుల నుంచి మొహం చదివి పెంచారు ఆవిడ. ఆ చూపు లేకపోతే ఈ పాప ఇంత బాగా ఉండేది కాదేమో. ఇప్పుడు అదే చూపు వల్ల పాపకు చెయ్యి చాపాల్సిన పని, గొంతు విప్పాల్సిన పని పడటం లేదు. అన్న కూడా అంతే, 5 ఏళ్ల వాడు, "చెల్లికి బాల్ కావాలంట" అని తానే తెచ్చిచ్చేస్తాడు.

ఇలాంటి చోట ఏమంటామన్నదాని మీద కేసు మొత్తం ఆధారపడి ఉంటుందని నా అభిప్రాయం. "మీరు అన్నీ ముందే ఇచ్చేస్తున్నారు, అందుకే మాట రావట్లేదు" అంటే అది సగం నిజం మాత్రమే, పైగా ఆవిడ మనసు విరిగిపోతుంది, ఆ తర్వాత ఆ ఇంట్లో మన మాట ఎవరికీ ఎక్కదు. నేను అన్నది: "అమ్మా, పాప ఏం అడగబోతోందో మీకు ముందే తెలుస్తుంది కాబట్టి, ఎక్కడ ఆగాలో కూడా మీకే తెలుస్తుంది. ఈ పని నాకంటే మీరే బాగా చేయగలరు." ఇది ఆవిడని మంచి చేసుకోవడానికి అన్న మాట కాదు. బిడ్డకు ఏం కావాలో తెలియని మనిషి ఆగితే బిడ్డకు విసుగొస్తుంది. తెలిసిన మనిషి ఆగితేనే అది అడగడానికి అవకాశం అవుతుంది.

చివర్లో రెండు ప్రశ్నలు ఉంటాయి. రాత్రి నిద్ర పట్టనప్పుడు దేని గురించి దిగులుపడతారు? జీవితంలో ఒక్క విషయం మార్చుకోగలిగితే ఏది మార్చుకుంటారు? మొదటి దానికి అమ్మ "నడుస్తుందా అసలు" అన్నారు. రెండోదానికి చాలాసేపు ఆలోచించి, కొంచెం సిగ్గుపడుతూ, "వంట చేసేటప్పుడు ఏడవకుండా ఉంటే చాలండీ" అన్నారు. నాన్న చెప్పింది ఇంకొకటి: "నేను వచ్చేసరికి అన్నీ అయిపోయి ఉంటాయి. పాపతో నేను ఏం చేయాలో నాకు తెలీదు."

గోల్స్

నడవాలి, మాట్లాడాలి అని ఫైల్‌లో రాసి ఉన్న గోల్స్‌ని పక్కన పెట్టాం. కొత్తగా రాసుకున్నవి ఇంటివాళ్ల మాటల్లోనే ఉన్నాయి. అన్న స్కూల్ నుంచి వచ్చినప్పుడు పాప సోఫా, గోడ పట్టుకుని తలుపు దాకా నడిచి వెళ్తుంది. స్నానంలోనూ తినేటప్పుడూ ఇంకా కావాలని చేత్తోనో గొంతుతోనో వేలితోనో అడుగుతుంది. బట్టలు వేస్తుంటే చెయ్యి తోసి, పాదం ఎత్తి సాయం చేస్తుంది. అమ్మ వంట చేస్తుండగా 15 నిమిషాలు దగ్గర్లోనే నిలబడి ఆడుకుంటుంది. నాన్న, పాప కలిసి రోజూ చేసే పని ఒకటి ఉంటుంది.

ఒక్కోదానికి గోల్ అటైన్‌మెంట్ స్కేలింగ్ వేశాం. కిరెసుక్, షెర్మన్ 1968లో ఇచ్చిన పద్ధతి అది: అనుకున్నంత జరిగితే 0, అంతకన్నా బాగా జరిగితే +1, +2, తక్కువైతే మైనస్‌లు. ఏ మెట్టు ఎలా ఉంటుందో ముందే మాటల్లో రాసుకోవడం వల్ల తర్వాత అంచనాల్లో మన ఆశ చొరబడదు. లిస్ట్ మీద ఉన్న పాత ఎక్సర్‌సైజులు ఆపేయమని చెప్పాను. అమ్మ మొహంలో మొదట భయం కనిపించింది, దాని వెనకే పెద్ద రిలీఫ్.

ఎక్కడ మొదలుపెట్టాలి అన్నదాంట్లో మా రంగంలో రకరకాల అభిప్రాయాలున్నాయి. ఎక్కువ బాధపెడుతున్న రొటీన్‌తోనే మొదలుపెట్టాలని కొందరంటారు. నేను అలా చేయలేదు. 1 మార్కు వచ్చిన గంటలో అమ్మకు కొత్తది ప్రయత్నించే ఓపిక ఉండదు, పాప ఏడుపులో ఉంటే ఏదీ నేర్చుకోదు. అందరూ సంతోషంగా ఉండే చోట పెద్దవాళ్ల చేతికి ఒక పద్ధతి అలవాటయ్యాక దాన్ని కష్టమైన చోటికి తీసుకెళ్లడం తేలిక. అందుకే స్నానం.

స్నానం

స్నానం చేయించేటప్పుడు నానమ్మ మగ్గుతో నీళ్లు పోస్తూ తన సొంత పదాలతో ఒక చిన్న పాట పాడతారు, మగ్గు మగ్గుకీ అదే పాట. ఇంతకన్నా మంచి వరుస మనం తయారు చేయలేం: ప్రతిసారీ ఒకేలా ఉంటుంది, తర్వాత ఏమొస్తుందో పాపకు తెలుసు, వచ్చేది పాపకు ఇష్టం. నేను అడిగింది ఒక్కటే. కొన్ని మగ్గులు పోశాక, నీళ్లు నిండిన మగ్గు ఎత్తి పట్టుకుని, పాప మొహంలోకి చూస్తూ, ఏమీ మాట్లాడకుండా ఆగండి. పాప ఏదో ఒకటి చేస్తుంది, కాళ్లు ఆడించడం, చెయ్యి ఎత్తడం, శబ్దం చేయడం. వెంటనే పోయండి, పోస్తూ "పొయ్యనా, పోస్తున్నా" అనండి.

ఇలా ఆగడం చాలా పాత పద్ధతి. 1979లో వచ్చిన ఒక అధ్యయనంలో, పిల్లలకు భోజనం ట్రే ఇచ్చేముందు 15 సెకన్లు ఆగి చూశారు. కొందరు పిల్లలు ఆ ఆగడంతోనే నోరు తెరిచి అడిగారు, మిగతావాళ్లకు ఏమనాలో ముందు అని చూపించాల్సి వచ్చింది. చేయించి చూస్తే తెలుస్తుంది పెద్దవాళ్లకు 5 సెకన్లు ఆగడం కూడా ఎంత కష్టమో. నానమ్మ చెయ్యి దానంతట అదే వంగిపోయేది. బిడ్డ ఎదురుచూస్తుంటే ఆవిడకు మనసొప్పదు.

దీనికి దారి ఆవిడే కనిపెట్టారు. పాటలో చివరి మాట ముందు ఆపేయడం మొదలుపెట్టారు. మగ్గు పైన, పాట మధ్యలో ఆగిపోయింది, పాప ఆవిడ నోటి వైపు చూస్తోంది. ఉట్టి మౌనంగా ఆగడం కన్నా ఇది మేలు, ఎందుకంటే ఇక్కడ ఖాళీగా ఉన్నది పాప నింపగలిగే చోటు. పైగా ఆవిడకు అది ఆట, పరీక్ష కాదు. ఆ తర్వాత ఇలాంటి ఇతర ఇళ్లలో కూడా నేను ఇదే చెప్తున్నాను, ఆవిడ దగ్గర నేర్చుకున్నదని చెప్పి మరీ.

మొదట కాళ్లు ఆడించింది. తర్వాత రెండు చేతులూ మగ్గు వైపు చాపింది. ఆ తర్వాత "ఆ" అని గొంతు కలిపింది. ఆ "ఆ" కాస్తా "పో" అయింది. నీళ్లు పోయమని అడిగే "పొయ్యి" అనే మాటలో మొదటి ముక్క, సరైన సమయంలో, సరైన మనిషితో. పాప మొదటి మాటగా దాన్నే రాసుకున్నాను. "అమ్మ" ముందు రాలేదని అమ్మ కాస్త బాధపడ్డారు, అది సహజమే, కానీ పిల్లలకు మొదట వచ్చేది వాళ్లకు ఏదో ఒకటి తెచ్చిపెట్టే మాట. పిలవకముందే వచ్చేసే మనిషిని పిలవాల్సిన అవసరం వాళ్లకు త్వరగా రాదు.

బట్టలు, డైపర్

ఇక్కడ చేసింది రెండు మార్పులు. ఒకటి, పడుకోబెట్టి మార్చే డైపర్‌ని, మలం ఉన్నప్పుడు తప్ప, నిలబెట్టి మార్చడం. మంచం అంచు పాప ఛాతీ ఎత్తులో ఉంది, పట్టుకుని నిలబడటానికి సరిగ్గా సరిపోయింది. మొదట్లో అమ్మ మోకాలు వెనక నుంచి ఆసరా, తర్వాత అది కూడా తీసేశాం. ప్యాంటు తొడిగేటప్పుడు ఒక పాదం ఎత్తాలి, అంటే ఇంకో కాలి మీద బరువు మోపాలి. నడకకు కావాల్సింది సరిగ్గా అదే. థెరపీ రూమ్‌లో ఒంటికాలి మీద బరువు మోయించడానికి ఎన్ని ఆటలు పెట్టినా ఏడ్చే పాప, ప్యాంటు కోసం పాదం ఎత్తేది, ఎందుకంటే ప్యాంటు వేస్తే బయటికి వెళ్తామని తనకు తెలుసు.

రెండోది, చివరి ముక్క పాపకు వదిలేయడం. చొక్కా చేతిలోకి చెయ్యి ముప్పావు వంతు మనం దూర్చి ఆగితే మిగతాది పాప తోస్తుంది. చెయ్యి బయటికి రాగానే పని పూర్తవుతుంది, ఆ పూర్తి చేసిన ఆనందం పాపదే అవుతుంది. ఉదయం హడావిడిలో ఇది కుదరదని అమ్మ ముందే చెప్పారు. కుదరనక్కర్లేదన్నాను. రాత్రి బట్టలు మార్చేటప్పుడు చాలు.

వంట టైమ్

వాకర్ గురించి మొహమాటం లేకుండా చెప్తాను. అది నడక నేర్పదు. అందులో పాప కాలి వేళ్లతో నేలని తోస్తుంది, తన బరువు తాను పూర్తిగా మోయదు, బ్యాలెన్స్ చేసుకోదు, పాదాలు తనకు కనిపించవు. ప్రమాదాలు సరేసరి: మెట్ల మీద నుంచి పడటం, వేడి వస్తువులు అందుకోవడం. కెనడా 2004లోనే వాటి అమ్మకాన్ని నిషేధించింది, అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం కూడా నిషేధించాలనే అంటోంది. ఇంత చెప్పాక కూడా, "తీసేయండి" అని ఊరికే చెప్పి వచ్చేస్తే అది ఆ అమ్మకు అన్యాయం. ఆ గంటలో పాపని పెట్టుకోవడానికి ఆమెకున్న ఒకే చోటు అది. ముందు బదులు ఏర్పాటు, ఆ తర్వాతే తీసేయడం.

వంటగది గుమ్మానికి చిన్న గేటు, పొయ్యి దగ్గరికి రాకుండా. గేటు ఇవతల, అమ్మకు కనిపించేలా, బరువైన పొట్టి బల్ల ఒకటి, పాప పట్టుకున్నా కదలనిది. బల్లకు ఈ చివర గిన్నెలు, ఆ చివర మూతలు. మూత పెట్టాలంటే పక్కకు అడుగులు వేయాలి. కొన్నాళ్లకు బల్ల పక్కన ఒక స్టూల్ చేర్చాం, మొదట ఆనుకుని, తర్వాత జానెడు దూరంలో, తర్వాత పాప చెయ్యి చాపితే అందేంత, ఆ తర్వాత చెయ్యి చాపినా అందనంత. పట్టు వదిలి వేసే మొదటి అడుగు ఆ ఖాళీలో పడుతుంది. అమ్మ పొయ్యి దగ్గర నుంచే "పెద్ద మూత ఏదీ?" అని పలకరిస్తూ ఉంటారు.

ఇవన్నీ ఉన్నా ఏడుపు వెంటనే తగ్గలేదు. తగ్గించింది ఇంకొకటని నా నమ్మకం. వంట మొదలుపెట్టే ముందు అమ్మ ఫోన్ పక్కన పెట్టి, నేల మీద కూర్చుని, పాపని తన తొడ మీద కూర్చోబెట్టుకుని కాసేపు ఆడతారు. తొడ మీద నుంచి లేచి బల్ల మీద గిన్నె తీసుకోవడం, మళ్లీ కూర్చోవడం. ఇది లేచి నిలబడే సాధన, కాళ్లకు చాలా మంచిది, కానీ అమ్మకు నేను చెప్పిన కారణం అది కాదు. పగలంతా ఆఫీసులో ఉండి వచ్చిన అమ్మ రాగానే వంటగదిలోకి వెళ్లిపోతుంటే, 18 నెలల బిడ్డ కాళ్లు పట్టుకుని ఏడవక ఏం చేస్తుంది? ముందు అమ్మ దొరికితే, ఆ తర్వాత అమ్మ వెనక నుంచి కనిపించినా సరిపోతుంది.

తినిపించేటప్పుడు చేసింది చిన్నదే. స్పూన్ నోటి దగ్గరికి తీసుకెళ్లకుండా పాప చూపుకు అందేలా పట్టుకుని ఆగడం, స్నానంలో ఆగినట్టే. ఇక్కడ అన్న బాగా పనికొచ్చాడు. చెల్లికి కావాల్సింది తెచ్చి ఇవ్వడం ఆపమంటే వాడికి అర్థం కాలేదు, బాధపడ్డాడు కూడా. "రెండు వస్తువులు తీసుకెళ్లి ఏది కావాలని అడుగు, వేలు పెట్టి చూపిస్తే అదివ్వు" అంటే మాత్రం వాడికి అదొక పెద్ద ఉద్యోగంలా అనిపించింది. పాప మొదటిసారి వేలు చూపింది వాడికే.

నాన్న పని లైట్లు. రాత్రి పడుకునే ముందు ఒక్కో గదిలో లైటు ఆర్పడం, పాపని ఎత్తుకుని కాకుండా గోడ పట్టించి, తర్వాత ఒక చేత్తో పట్టుకుని నడిపిస్తూ. స్విచ్ దగ్గర మాత్రం ఎత్తుకుని, ఆగి, పాప చెయ్యి చాపితే నొక్కనివ్వడం. ఏం చేయాలో తెలీదన్న మనిషి కొన్నాళ్లకు ఆ పనిని ఎవరికీ వదలడం లేదని అమ్మ చెప్పారు.

మధ్యలో కుంటుపడినప్పుడు

నానమ్మ కొన్ని వారాలు ఇంకో కొడుకు ఇంటికి వెళ్లారు. స్నానం అమ్మ చేతికి వచ్చింది, ఆఫీసుకు వెళ్లే ముందు, పరుగు మీద. పాట లేదు, ఆగడం లేదు. అదే టైమ్‌లో పాపకు జ్వరం, దగ్గు. "పో" వినిపించడం మానేసింది, నడిచే ప్రయత్నం కూడా తగ్గింది. అమ్మ ఫోన్ చేసి ఏడ్చారు, అంతా వెనక్కి పోయిందని.

జబ్బు చేసినప్పుడు పిల్లలు కొత్తగా వచ్చిన పనులు కొంతకాలం పక్కన పెట్టడం మామూలే, దానికి కంగారు అక్కర్లేదు. కానీ వచ్చిన మాటలు, మనుషులతో కలివిడి నిజంగా పోతుంటే, జ్వరం తగ్గాక కూడా తిరిగి రాకపోతే, ఆగకుండా డాక్టర్‌కి చూపించాలి. ఇది ప్రతి కుటుంబానికీ విడిగా చెప్తాను. ఇక్కడ అలా జరగలేదు, జ్వరం తగ్గాక పాప మళ్లీ అడగడం మొదలుపెట్టింది.

నేను చూసిన అసలు విషయం వేరు. మేం పద్ధతిని స్నానానికి ముడిపెట్టాం అనుకున్నాం, నిజానికి అది నానమ్మకు ముడిపడి ఉంది. మనిషి మారితే రొటీన్ పేరు అదే అయినా లోపల అంతా మారిపోతుంది. అమ్మ చేతిలో ఉదయం స్నానం 5 మార్కుల రొటీన్ కాదు, 2 మార్కులది. అలాంటప్పుడు "స్నానంలో ఆగండి" అని మళ్లీ మళ్లీ గుర్తుచేయడం వల్ల అమ్మకు టెన్షన్ పెరగడం తప్ప ఏమీ రాదు. ఆమెకు తీరికగా ఉండే చోటు ఏదని మళ్లీ అడిగాం. రాత్రి బట్టలు మార్చాక ఒంటికి క్రీమ్ రాసే సమయం అన్నారు. ఆగడం అక్కడికి మార్చాం: వేలికి క్రీమ్ తీసుకుని, పాప చెయ్యి చాపేదాకా, లేదా పొట్ట చూపేదాకా. నానమ్మ తిరిగి వచ్చేసరికి పాప రెండు చోట్ల, ఇద్దరితో అడగడం నేర్చుకుంది. ఒకే మనిషితో వచ్చిన మాట ఇంకొకరితో కూడా రావడం తర్వాతి మెట్టు, అది ఇలా కుదిరింది.

ఫలితాలు

కరెక్టెడ్ 21 నెలలకు సోఫా దగ్గర నుంచి అన్న చేతుల్లోకి కొన్ని అడుగులు పట్టు లేకుండా వేసింది. 23 నెలలకు గది ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తోంది, కాళ్లు వెడల్పుగా వేసి, చేతులు పైకెత్తి, చాలాసార్లు పడుతూ. 24 నెలలకు స్కేల్ మళ్లీ చూశాం. అన్నకు ఎదురెళ్లే గోల్ +2, ఆసరా లేకుండానే వెళ్తోంది కాబట్టి. అడగడం +1. బట్టలు +1. వంట టైమ్ 0, అంటే అనుకున్నంత జరిగింది, 15 నిమిషాలు ఆడుకుంటుంది, ఆ తర్వాత కావాల్సింది అమ్మే. అమ్మ ఇప్పుడు ఆ గంటకు 3 మార్కులు వేశారు. నా దృష్టిలో ఆ 3 చాలా విలువైనది.

ఇదంతా రొటీన్స్ వల్లే జరిగిందని ఒక్క పాపని చూసి చెప్పలేం. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో చాలామంది కొంచెం ఆలస్యంగా వాళ్లంతట వాళ్లే నడుస్తారు. నేను నిశ్చయంగా చెప్పగలిగింది, ఈ నెలల్లో పాపకు దొరికిన సాధన ముందు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, అందుకోసం ఇంట్లో ఎవరి రోజూ బరువెక్కలేదు. వారానికోసారి సెషన్ కొనసాగింది, కాకపోతే అందులో ఎక్కువ భాగం ఇంటివాళ్లు తీసిన చిన్న వీడియోలు కలిసి చూడటం, వచ్చే వారం ఎక్కడ ఏం మార్చాలో వాళ్ల నోటితో చెప్పించడం.

మాట ఇంకా వెనకబడే ఉంది. విడి మాటలు పదిహేను దాకా వచ్చాయి, కానీ రెండు మాటలు కలిపి అనడం కరెక్టెడ్ 24 నెలలకు రాలేదు, ఆ వయసుకు రావాలి. అందుకని స్పీచ్ థెరపిస్ట్‌ని తీసుకొచ్చాం, వాళ్లు కూడా ఇంటికే వచ్చి, నానమ్మ స్నానం చేయిస్తుండగా చూసి, "పో" అన్నప్పుడు "నీళ్లు పో" అని ఒక మాట కలిపి తిరిగి ఇవ్వమని చెప్పారు. వినికిడి పరీక్ష ఇంకోసారి చేయించమన్నారు, అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. కొత్త గోల్ అమ్మ ఎంచుకున్నది: బయటికి వెళ్లే ముందు చెప్పులు తెచ్చుకుని, మెట్ల మీద రెయిలింగ్ పట్టుకుని దిగడం. ఆ పని ఎవరి చేతిలో ఉండాలన్నది నాన్నా నానమ్మా ఇంకా తేల్చుకోలేదు, ఇద్దరూ తమకే కావాలంటున్నారు.